అయోవా పద్ధతిల మా కాలనీ ఎలక్షన్

నవ్వనని మాటియ్యున్రి, అప్పుడే చెప్త. మొన్న ఆదివారం నేను మా ఆయనను ఎలక్షన్ల ఓడగొట్టిన! ఓటేసి కాదు, ఎవ్వలకో ప్రచారం చేసి గూడ కాదు. ఉత్తగ ఒక్క డెమో ఇచ్చి! కాలనీ కాలనీ అంత నోరు తెరుచుకొని చూస్తుంటే! పోనీ అంతట్ల ఆగిందా అంటే ఆగలే. ఆ తర్వాత అయ్యింది ఇంకా పెద్ద కథ. చాయ్ గ్లాసులు జర కింద పెట్టుకోన్రి, బట్టల మీద పోసుకుంటరు.

నేను పెద్దపల్లిల జూనియర్ కాలేజీల సివిక్స్ చెప్త కదా. మొన్నొక రోజు క్లాసుల ఒక పిల్ల లేచి అడిగింది. "మేడం, అమెరికల గూడ మన లెక్కనే బటన్ ఒత్తుతరా?" "రేపు చెప్త కూసో" అన్న. ఇగ ఆ రోజు సంది నాకు పిచ్చి పట్టినట్టయింది. చదువుడే చదువుడు! మనకు ఢిల్లీల ఒక్క ఎలక్షన్ కమిషన్ ఉన్నది, దేశమంత ఒక్కటే రూల్. ఆడ గట్ల కాదట. ఏ రాష్ట్రం పద్ధతి ఆ రాష్ట్రానిదే. ఒక రాష్ట్రంల ఓటు కాయిదాలు పోస్టుల ఇంటికే వస్తయట, ఇంట్ల కూసొని నింపి పంపుడే. ఇంకో రాష్ట్రంల గెలిచినోన్ని నడుమల్నే దింపనీకి మల్ల ఓట్లు వేస్తరట. చానా రాష్ట్రాలల్ల నామినేషన్ వెయ్యనోని పేరు గూడ ఓటరే కాయిదం మీద రాసి వెయ్యచ్చట!

గవన్నీ ఒక ఎత్తు, అయోవా ఒక ఎత్తు. గా రాష్ట్రంల ఒక పార్టీవాళ్లు మొన్నమొన్నటిదాకా ఏం చేసేటోళ్లంటే, చలికాలంల మంచు పడుతుంటే ఒక బడిల్నో చర్చి హాల్లనో జమయ్యేటోళ్లు. వాడకట్టోళ్లందరు. చిట్టీ లేదు, డబ్బా లేదు. ఫలానాయన కావాల్నంటే గీ మూలకు పోయి నిలబడాలె, ఇంకొకాయన కావాల్నంటే గా మూలకు. నూటికి పదిహేను మంది గూడ లేని గుంపు లెక్కకు రాదు. గా గుంపోళ్లను మిగిలినోళ్లందరు "మా దిక్కు రా, మా దిక్కు రా" అని పిలుస్తరు. ముచ్చట పెట్టుకుంట మనసులు మార్చుకొని మూలలు మారుతరు. ఆఖరుకు తలకాయలు లెక్కపెడ్తరు.

నాకు గది ఎంత నచ్చిందో! సాయంత్రం వంటింట్ల మా ఆయన రవీందర్‌ను కూసోబెట్టి చెప్పిన. ఆయన రైస్ మిల్లు చూసుకుంటడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద గూడ తవుడు ఉంటది. చిక్కుడుకాయలు తుంచుకుంట విన్నడు. నేను నేల మీద ఒక మూల ఉల్లిగడ్డలు, ఒక మూల ఆలుగడ్డలు పెట్టి, నడుమ టమాటలను అటిటు జరుపుకుంట చెప్పిన.

"ఏ రాష్ట్రం అన్నవ్?"

"అయోవా."

"అయ్యో... అవ్వా?"

"అయ్యో అవ్వా కాదు! అయోవా!"

"సరే తియ్యి, అయోవా. మరి గీ టమాట ఎటు పోయింది?"

గట్ల వింటడాయన. ఎంత విసుగు ముచ్చటైనా ఆఖరు దాకా వింటడు, వినుకుంట ఒక ప్రశ్న అడుగుతడు. నాకు గది చాలు.

గదే వారంల మా కాలనీల మీటింగ్ అయ్యింది. మా కాలనీకి ప్రెసిడెంట్ లింగమూర్తి సారు. రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన ఇప్పుడు గూడ టైమంటే టైమే, జేబుల విజిలు పెట్టుకొని తిరుగుతడు. మోకాళ్ల నొప్పులొచ్చి "ఇగ నాతోటి కాదు, నీళ్ల ట్యాంకు మెట్లు ఎక్కలేకపోతున్న, ఇంకెవ్వలనన్న చూసుకోన్రి" అన్నడు. కింది గల్లీవాళ్లు వెంటనే ఖలీల్ భాయ్ పేరు చెప్పిన్రు. పై గల్లీల ఇద్దరు ముగ్గురు మా ఆయన పేరు చెప్పిన్రు. మా ఆయన చేతులు జోడించి "నాకొద్దయ్యా" అన్నడు.

ఖలీల్ భాయ్ ఎవ్వరనుకున్నరు? మాది పై గల్లీ, మా ఎనుకనే కింది గల్లీల ఇల్లు వాళ్లది. బస్టాండు దిక్కు ఇనుప సామాన్ల దుకాణం నడుపుతడు. మా పెరటి గోడ, వాళ్ల పెరటి గోడ ఒక్కటే. గా గోడ మీదికెల్లి నేను సకినాలు అందిస్త, ఖలీల్ భాయ్ భార్య షమీమ్ ఆపా ఖీమా అందిస్తది. ఖలీల్ భాయ్, మా ఆయన పొద్దున వాకింగ్ గూడ కలిసే పోతరు. వాకింగ్ అంటే ఏం లేదు, రైల్వే గేటు దాక పోయి చాయ్ తాగి వస్తరు.

కాని గల్లీల సంగతి వేరే. కింది గల్లీకి నీళ్లు దడదడ వస్తయి, పై గల్లీకి సన్నగ కారుతయి. పై గల్లీవాళ్లకు "మనోడుంటే నీళ్లొస్తయి" అని ఆశ, కింది గల్లీవాళ్లకు "మనోడు లేకపోతే వచ్చేటియి గూడ పోతయి" అని భయం. ఇగ చిట్టీలేద్దాం అంటే చిట్టీలేద్దాం అని లొల్లి మొదలైంది.

చిట్టీ అనంగనే నా పానం గుంజింది. ఎందుకంటే మా తల్లిగారిది మంథని దిక్కు. ఒకసారి వార్డు మెంబరుకు మా చిన్నాయన, ఆయన దోస్తు ఇద్దరు నిలబడ్డరు. చిన్నప్పటి సంది ఒక్క కంచంల తిన్నోళ్లు. డబ్బాల ఓట్లు పడ్డయి, మా చిన్నాయన జరంతల ఓడిండు. ఓడింది గాదు బాధ. "ఎవ్వలు వెయ్యలే? నా ఉప్పు తిని ఎవ్వలు వెయ్యలే?" అని అనుమానం. కనబడ్డోన్నల్లా అనుమానమే. ఇప్పటికి గూడ పెండ్లిల్లల్ల గా దోస్తు ఒక బంతిల కూసుంటే, మా చిన్నాయన లేచి ఇంకో బంతిలకు పోతడు. నేను గది చూసుకుంట పెరిగిన. మా పెరటి గోడకు గూడ గదే గతి పడితే ఎట్ల?

అందుకే లేచి నిలబడ్డ. "సార్, చిట్టీలు వద్దు. చిట్టీల్నే అనుమానం ఉంటది. అయోవా పద్ధతిల చేద్దాం" అన్న. మొత్తం చెప్పిన. మూలలు, గుంపులు, ముచ్చట పెట్టుకొని మారుడు. ఆవేశంల పేరు రాసి వేసే ముచ్చట గూడ చెప్పేసిన. "అంత బహిరంగమే కాబట్టి ఎనుక మాటలుండయి, మనసుల ఏం మిగలది" అన్న.

ఒక్క ముక్క మాత్రం చెప్పలే. గా మూలల పద్ధతి పార్టీల ఎవ్వల్ని నిలబెట్టాల్నో తేల్చనీకే. అసలు ఎలక్షన్ వచ్చేసరికి వాళ్లు గూడ మన లెక్కనే గుప్తంగనే ఓటు వేస్తరు. ఎందుకు చెప్పలేదంటే... చెప్తే ఎవ్వలు ఒప్పుకోరని!

లింగమూర్తి సారు కళ్లద్దాలు సర్దుకొని "మేడం చదివి చెప్తున్నది, మంచిగనే ఉన్నది" అన్నడు. ఖలీల్ భాయ్ "చెల్లె ఎట్లంటే అట్లనే" అన్నడు. తెల్లారి పొద్దున మా ఆయన తువ్వాలతోటి తల తుడుచుకుంట "నేను గూడ నిలబడ్త లే" అన్నడు.

నేను ఆశ్చర్యపోయిన. "నిన్న వద్దన్నవ్ కదయ్యా?"

"ఇయ్యాల అవునంటున్న."

పోనీ, మనసుల ఆశ ఉన్నట్టుంది పాపం, పైకి చెప్పలేదు అనుకున్న. ఆ సాయంత్రం షమీమ్ ఆపా, నేను గోడ దగ్గర కలిసి ఒట్టు పెట్టుకున్నం. ఎవ్వలు గెలిచినా గోడ మీద గిన్నెలు ఆగద్దు.

ఆదివారం నాలుగు గంటలకు కమ్యూనిటీ హాలుకు పోయినం. హాలంటే హాలు కాదు, గోడలు లేచినయ్, సున్నం పడలే. ఒక్కటే నిలబడే ఫ్యాను. నేను చాక్‌పీసు తోటి నేల మీద గీతలు గీసిన. కుడి దిక్కు మూల ఖలీల్ భాయ్‌ది, ఎడమ దిక్కు మూల మా ఆయనది. ఫ్యాను ఖలీల్ భాయ్ దిక్కు పెట్టిన్రు, ఎందుకంటే ప్లగ్గు ఆడనే ఉన్నది. మా ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తొడుక్కొని వచ్చిండు. నాకు ముద్దొచ్చిండు, నిజం చెప్పాల్నంటే.

లింగమూర్తి సారు లేచి "సరిగ్గ అయిదు గంటలకు విజిల్ ఊదుత. ఊదినప్పుడు ఎవ్వల దగ్గర ఎక్కువ మంది నిలబడి ఉన్నరో వాళ్లే ప్రెసిడెంట్. ఆ తర్వాత కదిలితే లెక్క కాదు" అన్నడు.

"ఇగ నడువున్రి! మీ మీ మూలలకు పోన్రి!" అన్న నేను.

ఒక్కరు కదల్లే.

కాలనీ అంత నడుమల్నే నిలబడ్డది, బస్సుకు ఎదురుచూసినట్టు. ఆడోళ్లు కొంగులు సవరించుకున్నరు, మొగోళ్లు సెల్లులు చూసుకున్నరు. ఒకాయన ఇంకొకాయనను "మీరు నడువున్రి, నేనొస్త" అంటుండు. గాయన "లేదు లేదు, ముందు మీరు" అంటుండు.

పై గల్లీల ముసలామె రాజవ్వను అడిగిన. "ఏమైందవ్వా? పో, నీకు నచ్చినోళ్ల దిక్కు పో."

"ఎట్ల పోవాలె బిడ్డా? గటు పోతే రవీందర్‌కు ఈపు చూపియ్యాలె, గిటు పోతే ఖలీల్‌కు ఈపు చూపియ్యాలె. పొద్దున లేస్తే ఇద్దరి మొఖం చూసుడే నాయె. ఎవ్వలకు చూపియ్యాలె ఈపు?"

అయోవాల గిట్ల ఎవ్వలన్న అడిగిన్రో లేదో, నేను చదివినదాంట్ల లేకుండె.

అప్పుడే ఒక మనిషి మూడో మూలల ఒంటరిగ నిలబడి కనబడ్డడు. మల్లేశం. కింది గల్లీల కరెంటు పని చేస్తడు. అబ్బ, ఒక్కడన్న ధైర్యం చేసిండు అనుకున్న. "మల్లేశం, నువ్వు ఎవ్వల దిక్కు?"

"ఎవ్వల దిక్కు కాదు మేడం. ఈడ సిగ్నల్ మంచిగొస్తున్నది."

"అయినా సరే, నువ్వొక్కనివే ఉన్నవ్ కాబట్టి లెక్కకు రావు. ఇప్పుడు అందరు నిన్ను పిలుస్తరు" అన్న, పద్ధతి నేర్పినట్టు అయితదని. ఇగ పిలిచిన్రు! "మల్లేశన్నా ఇటు రా, ఫ్యాను గాలి ఉన్నది!" అని కింది గల్లీ. "అటు పోతే మా ఇంట్ల గీజరు ఎవ్వలు బాగుచేస్తరు?" అని పై గల్లీ. "గీజరు బాగుచేసిండా? ఆర్నెల్ల సంది తిప్పుకుంటున్నడు!" అని ఇంకొకామె. ఆడికెల్లి గీజరు, గీజరు కెల్లి నీళ్లు, నీళ్ల కెల్లి కాలువ, కాలువ కెల్లి ఎవ్వల పెండ్లికో కార్డు ఇయ్యలేదన్న ముచ్చట. అంత బహిరంగమే కదా, మనసుల ఏం మిగలద్దు కదా! నిజంగనే ఏం మిగలలే, అంత బయటికొచ్చింది. మల్లేశం మాత్రం సెల్లు చెవికి పెట్టుకొని "హలో... హలో" అనుకుంట ఆడనే ఉన్నడు.

లింగమూర్తి సారు గడియారం చూపిచ్చుకుంట నా దిక్కు చూసిండు. ఇజ్జత్ ప్రశ్న! పద్ధతి తెచ్చింది నేనే, గది నడువకపోతే నా మొఖం ఏం కావాలె?

నా తప్పు మొదలైంది గప్పుడే.

క్లాసుల గూడ పిల్లలకు అర్థం కాకపోతే నేను డెమో ఇస్త. అలవాటు. చప్పట్లు కొట్టి "అందరు ఇటు చూడున్రి! దీంట్ల భయపడేది ఏం లేదు. నేనొక ఓటరును అనుకోన్రి. నడుమ నిలబడ్డ. నాకు ఖలీల్ భాయ్ మాట నచ్చింది అనుకోన్రి. అప్పుడు ఏం చేస్త? గిట్ల నిమ్మలంగ నడుచుకుంట పోత. ఎవ్వలకు ఈపు చూపిచ్చుడు కాదు. నవ్వుకుంట పోత. గిట్ల వచ్చి, గిట్ల నిలబడ్త! అంతే!" అన్న.

అన్న, నడిచిన, ఖలీల్ భాయ్ పక్కన పోయి నిలబడ్డ. మంచిగ అర్థమయ్యేటట్టు నవ్విన గూడ.

అందరు నా దిక్కే చూస్తున్నరు. ఫ్యాను ఒక్కటే తిరుగుతున్నది.

రాజవ్వ నన్ను పైకి కిందికి చూసింది. "ఇంట్లోళ్లకు తెలుస్తది బిడ్డా మనిషి సంగతి" అన్నది పక్కామె తోటి, హాలంత వినబడేటట్టు. "సుజాతనే అటు పోయిందంటే ఏదో ఉన్నట్టే." అని కొంగు బిగించుకొని నడిచింది. ఖలీల్ భాయ్ మూలకు!

"అవ్వా! డెమో! అవ్వా, గది డెమో!" అన్న.

"నాకు డెమో గిమో తెల్వది, నువ్వు నిలబడ్డ కాడ నేను నిలబడ్త."

ఇగ ఆగిన్రా? పై గల్లీ, కింది గల్లీ, అందరికి ఒక దారి దొరికినట్టయింది. ఎవ్వలో ఒకరు ముందు పోవాలె, పోయిన్రు. సొంత పెండ్లామే పోయినంక ఇగ మొహమాటం ఏముంటది? మంది మంది వచ్చి మీద పడ్డరు. నేను గుంపుల ఇరుక్కపోయిన. "డెమో! డెమో!" అని మొత్తుకుంటున్న, ఎవ్వలు వినలే. ఒకాయన "మేడం, జర జరుగున్రి, ఫ్యాను గాలి వస్తలేదు" అన్నడు.

భుజాల నడుమ కెల్లి అటు చూసిన. ఎడమ మూలల మా ఆయన ఒక్కడే ఉన్నడు. గా తెల్ల అంగీల. గోడకు ఒరిగి నిలబడ్డోడు సర్దుకొని నిటారుగ నిలబడ్డడు, చేతులు ఎనుకకు పెట్టుకున్నడు. పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఒరిగి ఉంటే దాన్ని సరిగ్గ పెట్టిండు, ఎవ్వలన్న వస్తే కూసోనీకి ఉండాలె అన్నట్టు. నేను చూస్తున్నది చూసి, ఏం కాదు ఏం కాదు అన్నట్టు తల ఊపిండు. నవ్విండు గూడ.

గీ మనిషిని నేను గిట్ల నిలబెట్టిన్నా? అటు పోదామని చూసిన. రాజవ్వ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "యాడికి పోతవ్? అందర్ని పిలిచి నువ్వు పోతవా?"

అప్పుడు ఆడోళ్ల నడుమ కెల్లి ఒక గొంతు లేచింది. "క్యా తమాషా హై యే!"

షమీమ్ ఆపా! దుపట్టా తలకు చుట్టుకొని బయటికొచ్చింది. "రవీందర్ భాయ్ ఒక్కరు నిలబడాలె, మీరందరు గిట్ల చూడాలె? శరం లేదా జర?" అన్నది. గబగబ నడిచి పోయి మా ఆయన పక్కన నిలబడ్డది. ఆయన సర్ది పెట్టిన కుర్చీని ఇవతలికి గుంజుకొని దాంట్ల కూసున్నది.

ఖలీల్ భాయ్ నెత్తి మీద చేతులు పెట్టుకున్నడు. "అరే షమీమ్! నా బేగమే పాయె!"

"మీరు చుప్ ఉండున్రి. మీ దిక్కు ఊరంత ఉన్నది కదా, ఇంకా నేనెందుకు?"

ఖలీల్ భాయ్ గుంపును తోసుకొని బయటికి నడిచిండు. "నాకొద్దు గీ మూల. నా దోస్తు గాడ ఒక్కడున్నడు, నేనీడ ఫ్యాను కింద నిలబడ్తనా? నా ఓటు రవీందర్‌కే!" అని అటు పోయి మా ఆయన భుజం మీద చెయ్యేసిండు.

"అరె, నువ్వొస్తే ఎట్లన్నా? నువ్వు క్యాండిడేటువు!" అన్నడు మా ఆయన. "నేను పోయి నీ జాగల నిలబడ్త" అని ఆయన గీత దాటి ఇటు రావట్టిండు. ఖలీల్ భాయ్ "నువ్వు కదలకు!" అని ఆయన అంగీ పట్టి గుంజుతుండు. మా ఆయన విడిపిచ్చుకొని ఇటు రానే వచ్చిండు.

ఇప్పుడు చూడున్రి అవస్థ. ఖలీల్ భాయ్ మా ఆయన మూలల, మా ఆయన ఖలీల్ భాయ్ మూలల. కాలనీ అంత పరేషాన్.

"మేడం, మేము ఖలీల్ భాయ్ దిక్కా, గీ మూల దిక్కా?"

"మేడం, మనిషి పోతే మనం గూడ పోవాల్నా?"

"మేడం, గీడ నిలబడితే ఇప్పుడు రవీందర్‌కు పడ్డట్టా?"

నేను ఊపిరాడక హాలు నడుమకు వచ్చిన. వాళ్లందరు నా ఎనుకనే వచ్చిన్రు. సిగ్నల్ వదిలిపెట్టి మల్లేశం గూడ వచ్చిండు, ఏం జరుగుతుందో చూద్దామని. షమీమ్ ఆపా గూడ కుర్చీల కెల్లి లేచి "సుజాతా, నువ్వు జర ఖుల్లంఖుల్లా చెప్పు" అనుకుంట వచ్చింది. అందరు నా చుట్టు గుమిగూడిన్రు. నేను చేతులు లేపి "ఒక్కొక్కరు అడుగున్రి! అయోవాల ఏముంటదంటే..." అని గొంతు సవరించుకున్న.

విజిలు మోగింది!

గంత పొడుగు విజిలు నేను బడిల గూడ వినలే. "అయిదు! ఎవ్వలు కదలద్దు!" అన్నడు లింగమూర్తి సారు. మేం నిజంగనే కదల్లే, బిగుసుకపోయినం. సారు నిమ్మలంగ చుట్టు తిరిగి చూసిండు. కుడి మూలల రవీందర్ ఒక్కడు. ఎడమ మూలల ఖలీల్ ఒక్కడు. ఇగ కాలనీ మొత్తం ఏడున్నది? నా చుట్టు!

"ఎవ్వల దగ్గర ఎక్కువ మంది నిలబడితే వాళ్లే ప్రెసిడెంట్ అని ముందే చెప్పుకున్నం" అన్నడు సారు. "సుజాత మేడం గెలిచింది."

"సార్! నేను నిలబడనే లేదు సార్!"

"నిలబడ్డవ్ కదమ్మా, అందరికన్న నడుమ నువ్వే నిలబడ్డవ్."

"గట్ల కాదు సార్, నా పేరే లేదు ఎలక్షన్ల!"

"పేరు లేనోళ్లను గూడ అమెరికల గెలిపియ్యచ్చు అని మీటింగుల నువ్వే చెప్పినవ్. నాకు యాదికున్నది."

అటు ఖలీల్ భాయ్, ఇటు మా ఆయన ఒకల్ని ఒకలు చూసుకున్నరు. ఇద్దరు ఒక్కసారే చప్పట్లు మొదలువెట్టిన్రు! ఓడినోళ్లు గంత సంబురంగ చప్పట్లు కొట్టుడు నేను ఏ దేశం ముచ్చట్ల గూడ చదవలే. పై గల్లీ, కింది గల్లీ గూడ కొట్టినయ్. కొట్టయా మరి? ఎవ్వలకు ఈపు చూపియ్యాల్సిన పని తప్పింది కదా!

ఇంటికి నడిచినం. గేటు దాక వచ్చినంక నేనే అన్న. "కోపమొచ్చిందా?"

"ఎందుకు?"

"నిన్ను ఒక్కన్ని చేసి అటు పోయిన."

"డెమో అని తెలుసు కదా."

"తెలిసినా..." "నీకు పాపం ప్రెసిడెంట్ కావాల్నని ఉండె. నేను చెడగొట్టిన."

ఆయన ఆగిపోయిండు. "నాకు కావాల్నని ఎవ్వలు చెప్పిన్రు నీకు?"

"మరెందుకు నిలబడ్డవ్? మొదలు వద్దని, తెల్లారి నిలబడ్త అంటివి కదా?"

ఆయన గేటు గడియ దిక్కు చూసుకుంట, నాకు చెప్పుడు ఇష్టం లేనట్టు మెల్లగ అన్నడు. "ఖలీలన్న ఒక్కడే నిలబడితే ఏకగ్రీవం అయితుండె. అయినంక ఇగ ఎలక్షన్ ఏడిది? నువ్వు వారం సంది వంటింట్ల ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు జరుపుతనే ఉంటివి. గంత ఆశతోటి చెప్తున్నవ్. రెండో మూలల ఎవ్వలన్న ఉండాలె కదా అని..."

ఇగ నేనేం మాట్లాడుత చెప్పున్రి! గా మనిషి ఆలుగడ్డ అయ్యిండు, నా కోసం! నేను రోడ్డు మీదనే ఏడ్చుకుంట నవ్విన.

"బాధ కాలేదా మరి? ఆడ ఒక్కన్ని నిలబడ్డప్పుడు?"

"జర అయింది" అన్నడు. అబద్ధం చెప్పలే. "కాని నువ్వు చెప్తుంటే చూస్తున్న కదా. నీ క్లాసు నేనెప్పుడు చూడలే. గింత మంచిగ చెప్తవని నాకు తెల్వది. నేను గూడ నడుమ ఉంటే నీ ఎనుకనే వచ్చేటోన్ని."

పెరట్లకు పోయేసరికి గోడ మీద గిన్నె ఉన్నది. షమీమ్ ఆపా అటు దిక్కు నిలబడి "ప్రెసిడెంట్ సాబా, డబల్ కా మీఠా! వేడివేడిగ తిను, రేపటి సంది నీకు తిననీకి టైముండది" అన్నది. ఖలీల్ భాయ్ ఆమె ఎనుక కెల్లి "చెల్లె, నీళ్ల మోటరు బేరింగులు నా దుకాణంల కెల్లి ఇస్త, ఫికర్ చెయ్యకు!" అని కేకేసిండు. వచ్చే వారం ఆయన, మా ఆయన కలిసి పై గల్లీ పైపులు తవ్వి చూద్దామనుకుంటున్నరు. నీళ్లు ఎందుకు సన్నగ వస్తున్నయో నాకు తెల్వది, వాళ్లకు తెల్వది, కాని వాకింగుల గదే ముచ్చటట.

సోమవారం పొద్దున కాలేజీకి తయారవుతున్న. కుచ్చిళ్లు పెట్టుకుంటుంటే ఫోను. రాజవ్వ.

"బిడ్డా సుజాతా! కోతులొచ్చినయ్! మంద మంద! మా డాబా మీద ఒడియాలు ఎండబోస్తే ఒక్కటి మిగల్చలే. గిప్పుడు నీళ్ల ట్యాంకు మూత తీసి తానాలు చేస్తున్నయ్! జల్ది రా! ప్రెసిడెంటువు కదా!"

"అవ్వా, నాకు క్లాసున్నదే. కట్టె పట్టుకొని అదిలియ్యున్రి."

"అదిలిస్తే పళ్లు చూపిస్తున్నయ్. నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. గిట్ల కోతులొస్తే అమెరికల ఏం చేస్తరు?"

నేను చేతిల కుచ్చిళ్లు, చెవికి ఫోను పట్టుకొని ఉన్నదున్నట్టే చెప్పిన. "అమెరికల కోతులుండయి అవ్వా."

రాజవ్వ శాన బాధగ అన్నది.

"కోతులే లేని దేశం పద్ధతి మనకెందుకు తెచ్చినవ్ బిడ్డా?"